నిధినివేదనము

భూమిలో దాగిన ధనమును గూర్చిన యాశ మానవునకు సహజమైనది. నాగటికఱ్ఱు తగిలి లంకెబిందెలు బయటపడినవను కథ లేని గ్రామము మన దేశమున నరుదు. ఈ యాశకు నేడొక యంత్రము తోడ్పడుచున్నది. మెటల్ డిటెక్టరని లోకమున వాడబడు లోహశోధకమును జేతబట్టి పాశ్చాత్యదేశములలో ననేకులు ఉద్యానవనములందును, సముద్రతీరములందును, దున్నిన పొలములందును బాతనాణెములకై, నగలకై వెదకుట యొక వినోదముగా జేసికొనియున్నారు. మన దేశమున నదే యంత్రము గుప్తనిధుల పేరిట పాడుపడిన కోటలయొద్దకును, గుళ్లయొద్దకును రాత్రులయందు గొనిపోబడుచున్నది. నిధి యననేమి, అది యెవ్వరి సొత్తు, దానిని గనుగొన్నవాని ధర్మమేమి యను ప్రశ్నలకు మన శాస్త్రకారులు పూర్వమే సమాధానములు చెప్పియున్నారు. నిధి వెల యెవ్వరికి జెందవలెనను దానిని వారు తీర్చిరి. నిధి చెప్పు సాక్ష్య మెట్లు దక్కవలెనను ప్రశ్న మాత్రము మన కాలమునకు మిగిలినది. ఈ రెండింటిని గలిపి విచారించుటయే యీ వ్యాసమునకు బ్రయోజనము.

శబ్దవిచారము

నిపూర్వకమగు ధాధాతువుపై కిప్రత్యయము రాగా నిధిశబ్ద మేర్పడినది. ఘుసంజ్ఞగల ధాతువులకు ఉపసర్గము పూర్వమందున్నపు డీ ప్రత్యయమును బాణిని విధించెను. ఇచట గర్మార్థము గ్రహింపగా "ఉంచబడినది" యని యవయవార్థము సిద్ధించుచున్నది. నిక్షేపశబ్దమునకును "క్రింద వేయబడినది" యనియే యవయవార్థము. అవయవార్థము లిట్లు సమీపములైనను వ్యవహారమున రెండింటికి భేదము గలదు. నిక్షేపమునకు స్వామి తెలియును. అది యొకడు మఱియొకనియందు విశ్వాసముంచి దాచిపెట్టిన ధనము. నిధికి స్వామి తెలియడు. అది చిరకాలముక్రింద నెవ్వరో పాతిపెట్టగా దరువాతివారు మఱచిన ధనము. మూడవది ప్రణష్టము, అనగా స్వామి యెఱుగకయే జాఱిపోయినది. దీనియందు "ఉంచుట" యను క్రియయే లేదు గావున నిది నిధిశబ్దవాచ్యము గాదు.

ఈ భేదము వట్టి శబ్దచర్చ యని తలంపరాదు. ఉద్యానవనములోని పచ్చికలో నిన్న జాఱిన యుంగరము ప్రణష్టము. అది యంత్రముచేత దొరకినను మ్రోతచేత దొరకినను స్వామికే చెందును. ఇట్టి ద్రవ్యమును రాజు మూడేండ్లు కాపాడవలెననియు, ఆలోపల స్వామి వచ్చి గుఱుతులు చెప్పినచో మరల నీయవలెననియు, పిమ్మట రాజు గ్రహింపవచ్చుననియు మనువు శాసించెను. పాటిదిబ్బలో రెండువేల యేండ్లనుండి పడియున్న నాణెములకుండ నిధి; దానికి మరల వచ్చి గుఱుతులు చెప్పు స్వామి లేడు. కనుక మొదటిదానిని వెదకువాడు పరోపకారియు గావచ్చును. రెండవదానిని వెదకువాడు తాను పెల్లగించుచున్నది దేనినో యెఱిగి మెలగవలసినవాడు.

మన శాసనములందు గ్రామదానములు చెప్పునపుడు నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యములని యష్టభోగములు పేర్కొనబడుట సుప్రసిద్ధము. ఇందు నిధినిక్షేపములు వేఱువేఱుగా లెక్కింపబడినవి. రాజు తనకు గలదానినే దానము చేయగలడు గావున భూమిలోని నిధిపై రాజునకు స్వామ్యము గలదను భావము మన దేశమున స్థిరపడియుండెనని యీ లెక్కయే తెలుపుచున్నది. తెలుగున లిబ్బియను దేశ్యపదము నిధికి బర్యాయముగా గావ్యములందు గలదు; లక్ష్మి లిబ్బులపడతి. వ్యవహారమున లంకెబిందె లనుటయే వాడుక.

నాణెమను మాట నాణకశబ్దభవము. నాణకమును, దానిని బరీక్షించువానిని యాజ్ఞవల్క్యస్మృతి పేర్కొనుచున్నది. మృచ్ఛకటికమునను నీ శబ్దము గలదు. పాణినీయమున నిది లేదు. అచట గానవచ్చునవి నిష్కము, శతమానము, పణము, పాదము, మాషము మొదలగునవి. కుషాణరాజుల నాణెములపై నానా యను దేవత పేరు చెక్కబడియుండుటచే దానినుండి నాణకశబ్దము వచ్చెనని పలువురు చెప్పుదురు. అట్లయినచో బాణినికి దరువాతి కాలమున నీ పదము ప్రవేశించుట సహజమే. వ్యాకరణమునుండి నాణెముల చరిత్రకు లభించు మఱియొక సాక్ష్యము రూప్యశబ్దము. రూపశబ్దముపై "కొట్టబడిన" యను నర్థమున యప్ప్రత్యయమును బాణిని విధించెను. లోహపుదునుకపై ముద్ర గొట్టుట యప్పటికే వాడుకలో నుండినది. అమరావతియందు వేలకొలదిగా దొరకిన వెండినాణెము లిట్టి ముద్రలు గొట్టబడినవే. సూత్రమునకు నాణెము ఉదాహరణము. నాణెమునకు సూత్రము లక్షణము.

స్మృతులందలి వ్యవస్థ

నిధిని గనుగొన్నవాడు విద్వాంసుడగు బ్రాహ్మణుడైనచో బూర్తిగా దానే గ్రహింపవచ్చుననియు, రాజే కనుగొన్నచో సగము బ్రాహ్మణుల కిచ్చి సగము కోశమున జేర్పవలెననియు మనుయాజ్ఞవల్క్యులు చెప్పిరి. నాటి సంఘమునకు దగిన యీ విశేషములు నేడు చరిత్రము మాత్రమే. ఇతరులు కనుగొన్నపుడేమి యను విషయమున యాజ్ఞవల్క్యుని వాక్యమునకు వ్యాఖ్యానభేద మేర్పడినది. రాజు ఆఱవపాలు గైకొనవలెననుట పదముల పొందికచే మొదట దోచునర్థము. అపుడు శేషించిన యైదుపాళ్లు కనుగొన్నవానికి జెందవలెను. విజ్ఞానేశ్వరుడు మితాక్షరయం దట్లు చెప్పలేదు. ఆఱవపాలు కనుగొన్నవాని కిచ్చి తక్కినదానిని రాజు గ్రహింపవలెనని యాతడు వ్యాఖ్యానించి, వసిష్ఠగౌతముల వచనములను దోడు తెచ్చుకొనెను. ఒక పదమునకు దాత యెవ్వడు, గ్రహీత యెవ్వడను నన్వయము మాఱగా నిధిలో నైదుపాళ్లు చేయి మాఱినవి!

ఈ రెండర్థములలో నేది ప్రాచీనవ్యవహారమునకు సన్నిహితము? మైసూరున 1909 లో శామశాస్త్రిగారిచే బ్రకటింపబడిన కౌటిలీయార్థశాస్త్ర మీ సందేహమును దీర్చుట కుపకరించుచున్నది. గనిని గాని, రత్నమును గాని, నిధిని గాని రాజునకు దెలిపినవానికి ఆఱవపాలును, తెలిపినవాడు రాజభృత్యుడైనచో బండ్రెండవపాలును ఈయవలెనని కౌటిల్యుడు చెప్పెను. లక్షకు మించిన నిధి రాజునకే చెందునని కూడ జెప్పెను. తన పూర్వులదని నిరూపించుకొనగల శుచియైన జానపదుడు నిధిని బూర్తిగా బొందవచ్చును. నిరూపింపకయే గ్రహించినచో నైదువందల పణములు, దాచి గ్రహించినచో వేయి పణములు దండము. ఇచట నాఱవపాలు కనుగొన్నవానిదని స్పష్టముగా నున్నది. కావున విజ్ఞానేశ్వరుని వ్యాఖ్య క్లిష్టకల్పనము గాక పరంపరాగతమగు వ్యవహారమునే యనుసరించినదని చెప్పవచ్చును. మితాక్షర యాంధ్రదేశమునకు బరాయిది కాదు; పదుమూడవ శతాబ్దియందే మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర దెలుగు పద్యములలోనికి దెచ్చెను.

పాలు నాఱవదైనను, పండ్రెండవదైనను శాస్త్రకారు లందఱు నేకకంఠముగా జెప్పినది యొకటి గలదు. అది నివేదనము. యాజ్ఞవల్క్యుడు నిధి దొరకుటను దోషముగా జెప్పలేదు. తెలుపకుండ నుండి పిమ్మట బట్టుబడినవానినే దండార్హునిగా జెప్పెను. కౌటిల్యుడు నివేదనమునకు గూలి నిర్ణయించి, దాచుటకు దండమును రెట్టింపు చేసెను. నిధి దొరకుట దైవికము, తెలుపుట పౌరుషము. ధర్మాధర్మములు రెండవదానియందే నిలిచియున్నవి. ఈ నివేదనము జరుగనిచో నేమి పోవునో, జరిగినచో నేమి దక్కునో మన దేశపు నిదర్శనములచేతనే చూపెదను.

నెల్లూరి నిధి, జోగల్తెంబి నిధి

1786 ప్రాంతమున నెల్లూరిసమీపమున నొక కాపు పొలము దున్నుచుండగా నాగలి యిటుకకట్టునకు దగిలి నిలిచెను. త్రవ్వి చూడగా నొక చిన్న దేవాలయపు బునాదులును, వానిక్రింద నొక చిన్నకుండయు గనబడెను. కుండలో రోమకచక్రవర్తుల బంగారునాణెములు! ఆతడు వానిని బాతబంగారము క్రింద నమ్మివేసెను. అనేకములు మూసలో గరగిపోయినవి. ఆర్కాటు నవాబు కుమారుడగు అమీరుల్ ఉమరా ముప్పదికి బైగా నాణెములను మరల సంపాదించెను. అప్పుడు చెన్నపట్టణపు గవర్నరుగా నుండిన డేవిడ్‌సన్ వానిలో రెండింటిని, అనగా హేడ్రియను నాణెమొకటి, ఫాస్టినా నాణెమొకటి తనకై యేఱుకొని, యీ వృత్తాంతమును జాబుగా వ్రాయగా అది ఏసియాటిక్ రిసర్చెస్ రెండవ సంపుటమున బ్రకటితమైనది. ట్రాజను నాణెములును అందుండెను. ఈ మువ్వురును క్రీస్తుశకము రెండవ శతాబ్దికి జెందినవారు.

ఈ జాబువలన నాంధ్రతీరమునకును రోమకసామ్రాజ్యమునకును గల వర్తకమునకు బ్రబలసాక్ష్యము దొరకినది. కాని పోయినదెంత? నిధిలోని నాణెములన్నింటిలో గడపటిది యే చక్రవర్తిదో తెలిసినయెడల ఆ చక్రవర్తికాలమునకు ముందు కుండ పాతిపెట్టబడలేదని నిశ్చయింపవచ్చును. కరగినవానిలో నా కడపటి నాణె ముండియుండవచ్చును గావున నిప్పు డా నిశ్చయమునకు దావు లేదు. దేవాలయము కట్టునపుడు న్యాసముగా నీ కుండ నుంచిరా, లేక పూర్వమే పాతబడిన కుండపై నెఱుగకయే గుడి కట్టిరా? మొదటిది నిజమైనచో దెలుగుదేశపు మిక్కిలి ప్రాచీనమైన యిటుకగుళ్లలో నొకదాని కాలమును నిర్ణయించుటకు మార్గము దొరకియుండెడిది. ఇటుకవరుసకును కుండకును నడుమ నున్న మట్టిపొరయే దీనికి సాక్షి. ఆ సాక్షిని గునపము చంపినది. కాపును నిందించుట న్యాయము గాదు. ఆతనికి బంగారము బంగారమే. తెలిపినచో లాభము గలదని యాతనికి జెప్పినవారు లేరు.

దీనికి బ్రతియోగిగా నాసికజిల్లాలోని జోగల్తెంబి నిధిని జూడుడు. 1906 లో నచట బదుమూడువేలకు మించిన వెండినాణెములు దొరకినవి. అవి చెదరకుండ బండితులయొద్దకు జేరినవి. అన్నియు క్షహరాతవంశపు రాజగు నహపానుని నాణెములే; కాని వానిలో దొమ్మిదివేలకు బైగా నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల గొట్టించియుండెను. ఒక ముఖమున నహపానుని రూపము సగము చెరిగియు, దానిపై శాతకర్ణి పేరును జైత్యచిహ్నమును నిలిచియు గనబడుచున్నవి. గౌతమీపుత్రుడు క్షహరాతవంశమును నిర్మూలించెనని యాతని తల్లి బలశ్రీ నాసికగుహలో వ్రాయించినది. తల్లి కుమారుని బొగడుట లోకసహజమని సందేహించువారికి దొమ్మిదివేల వెండిసాక్షులు సమాధానము చెప్పినవి. అంతేకాదు, ముద్రపడినవియు బడనివియు నొకేచోట గలిసియుండుటచేత, జయము జరిగి యెక్కువకాలము గడువకమునుపే యా ధనము పాతబడెనని యూహించుటకు వీలు గలిగినది. వానిలో బది మాత్రమే మిగిలి తక్కినవి కరగియుండినచో నీ యూహకు దావుండదు. నాణె మొక్కటి యక్షరము, నిధి వాక్యము. అక్షరము లేఱివేసినచో వాక్యార్థము నశించును.

వెండినాణెముల ప్రసక్తి వచ్చినది గావున భాషాపండితుల కొక మాట. శాతవాహనుల రూపాంకితములగు వెండినాణెములపై నొకవైపున బ్రాకృతమునను, రెండవవైపున ద్రావిడపదములు గల మఱియొక భాషయందును రాజనామము చెక్కబడియున్నది. ప్రాకృతమున శ్రీశబ్దభవమున్నచోట నచట "తిరు" గలదు. పుత్రశబ్దమున్నచోట మకనశబ్దము గలదు. విభక్తిప్రత్యయమును జదువుటయందు బండితులకు వివాదము తీఱలేదు. ఆ భాష తమిళమునకు దగ్గఱయా, తెలుగునకు దగ్గఱయా యనుటయు నట్టిదే. కాని క్రీస్తుశకారంభశతాబ్దులలో ద్రావిడభాష యొకటి రాజముద్రపై నెక్కినదనుట నిస్సంశయము. గోటియంత వెండిపై నిలిచిన యీ సాక్ష్యము కంసాలి మూసలో నొక్క నిమిషమున గరగునది!

కోటిలింగాల, భట్టిప్రోలు

గోదావరిలో బెద్దవాగు కలియుచోట నున్న కోటిలింగాల గ్రామమునకు నాంధ్రచరిత్రమున విశేషస్థానము గలదు. అచటి పాటినేలలో వానలు వెలసిన తరువాత దొరకుచుండిన నాణెములను స్థానికులగు నుత్సాహవంతులు సేకరించి భద్రపఱచిరి. పుచ్చా వాసుదేవ పరబ్రహ్మశాస్త్రిగారు వానిని బరిశీలించి ప్రకటింపగా గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప యను పూర్వమెఱుగని రాజనామములు వెలువడినవి. శాతవాహనవంశకర్త యని పురాణములు చెప్పు రాజుతో నభిన్నుడుగా దలంపబడు ఛిముకుని నాణెములును అచట దొరకినవి. పురాణములందు బేరుమాత్రముగా నున్న రాజు లోహముపై నక్షరములతో నిలిచెను. శాతవాహనుల మూలస్థాన మేదియను వివాదమున దెలంగాణమునకు బలము చేకూరినదియు వీనివలననే. అయినను గొన్ని నాణెములు పైపైన దొరకినవగుటచే, ఏ పొరలో నేవి యుండెనో, గోబదాదులు ఛిముకునకు బూర్వులా సమకాలికులా యను విషయమున గొంతచర్చ నిలిచియేయున్నది. సేకరించినవారి నివేదనమువలన రాజులు దక్కిరి. పొరలు తెలియనిచోట వారి పౌర్వాపర్యము సందిగ్ధమైనది. దీనికి సమీపమున నున్న పెద్దబంకూరున శాస్త్రీయమగు త్రవ్వకములందు నిరువదివేలకు మించిన శాతవాహననాణెములు దొరకుటచే, వాని విషయమున నీ చిక్కు తగ్గినది.

లోహముకంటె దానితోడి వస్తువే విలువగలదగుటకు భట్టిప్రోలు నిదర్శనము. అచటి స్తూపపు టిటుకలును జలువఱాళ్లును బహుకాలము ఇతరనిర్మాణములకు దరలింపబడినవి. మిగిలినదానిని 1892 లో అలెగ్జాండర్ రీ త్రవ్వగా రాతిభరణులును, వానిలో స్ఫటికపు బరణియు, బంగారుపూవులును, ముత్యములును గనబడినవి. బంగారము తూకమునకు స్వల్పము. రాతిభరణులపై జెక్కిన యక్షరములు మాత్రము వెలకట్టరానివి. కుబిరకుడను రాజు పేరును, బ్రాహ్మీలిపిలో దక్షిణదేశపు బ్రత్యేకశాఖయు వానివలన దెలిసినవి. బ్యూలరు పండితుడు వానిని చదివి ప్రకటించెను. బంగారమునకై రాత్రి త్రవ్వినవాడు పూవులను మూట గట్టుకొని రాతిని బగులగొట్టియుండెడివాడు.

యంత్రము

ఇక యంత్రమును గూర్చి. తీగచుట్టలో విద్యుత్ప్రవాహము దిక్కు మార్చుకొనుచు బ్రవహించునపుడు దానిచుట్టు నయస్కాంతక్షేత్రము పుట్టి పెరుగుచు దరుగుచు నుండును. ఆ క్షేత్రమున లోహ మున్నచో దానిలో సుడివలె చిన్న ప్రవాహములు పుట్టి తమ క్షేత్రమును బ్రతిగా బంపును. యంత్రము దానిని గ్రహించి మ్రోతగా వినిపించును. టెలిఫోను నిర్మాత యగు గ్రాహంబెల్లు 1881 లో అమెరికా యధ్యక్షుడు గార్ఫీల్డు దేహమున దిగబడిన తుపాకిగుండును వెదకుట కిట్టి పరికరమునే ప్రయోగించెను. పఱుపులోని యుక్కుతీగల వలన బ్రయోగము విఫలమాయెను. 1937 లో ఫిషరను నాతడు లోహశోధకమునకు అమెరికాలో బేటెంటు పొందెను. రెండవ ప్రపంచయుద్ధమున బోలండుదేశపు సైన్యాధికారి కోసాట్స్కి నిర్మించిన శోధకము భూమిలో బాతిన మందుపాతరలను గనుగొనుటకు 1942 లో ఎల్ అలమీన్ రణభూమియం దుపయోగింపబడినది. యుద్ధానంతర మీ విద్య జనసామాన్యమున వ్యాపించినది.

యంత్రమునకు స్వతహాగా దోషము లేదు. దాని పరిమితియే దోషమునకు హేతువగుచున్నది. అది లోహమును మాత్రమే పలుకును. కుండపెంకు, పూస, బొగ్గు, ఎముక, ఇటుక, మట్టిపొర యివి దానికి మూగవి. చరిత్రపరిశోధకునకు మూగవియే యెక్కువ మాటలాడును. మ్రోత వినినచోట గుంట త్రవ్వి లోహమును మాత్ర మేఱుకొనువాడు తాళపత్రగ్రంథమునుండి బంగారుపూత గల యాకులను మాత్రము చించుకొనిపోవువాని వంటివాడు.

దీని సద్వినియోగమునకును దుర్వినియోగమునకును బాశ్చాత్యదేశములందే నిదర్శనములు గలవు. అమెరికాలోని లిటిల్ బిగ్‌హార్న్ రణభూమిపై 1983 లో గడ్డి కాలిపోగా, మఱుసటి సంవత్సరమునుండి పురాతత్త్వజ్ఞులు లోహశోధకములతో వరుసగా నడచి, దొరకిన ప్రతి గుండును, ప్రతి తూటాతొడుగును ఎచటనున్నదో పటమున గుఱుతించిరి. 1876 లో జరిగిన యుద్ధమున నేపక్ష మెటనుండి కాల్చెనో, ఎటు కదలెనో యందువలన దెలిసినది. ఇంగ్లండులోని హాక్స్‌నియను గ్రామమున 1992 లో నొకడు స్నేహితుడు పొలమున బోగొట్టుకొన్న సుత్తెకై శోధకముతో వెదకుచుండ రోమకనాణెములు బయటపడినవి. ఆతడు త్రవ్వుట మాని యధికారులకు దెలిపెను. మఱునాడే పురాతత్త్వజ్ఞులు వచ్చి శాస్త్రీయముగా ద్రవ్వగా సుమారు పదునైదువేల నాణెములును, బంగారునగలును, వెండిపాత్రలును దొరకుటయేగాక, కుళ్లిపోయిన కొయ్యపెట్టెలో నేవస్తు వెట్లు సర్దబడెనో కూడ దెలిసినది. దానికి బూర్వము 1980-90 దశకమున నదే దేశమున వాన్‌బరోయను చోట రోమకకాలపు దేవాలయమును రాత్రిచోరులు శోధకములతో బెల్లగించి వేలకొలది నాణెముల నపహరించిరి. నాటి ధర్మశాసనము, పాతినవాడు మరల దీసికొను తలంపుతో దాచిన వెండిబంగారములను మాత్రమే నిధిగా నెంచెడిది; దేవునకు సమర్పించినవానిని, జాఱిపోయినవానిని నెంచెడిది కాదు. ఈ లోపమును సవరించుటకై 1996 లో గ్రొత్తచట్టము పుట్టినది. దానిచే నిధిత్వము దాచినవాని తలంపుపై గాక వస్తువుల ప్రాచీనతపైనను, లోహముపైనను, సంఖ్యపైనను బ్రధానముగా నాధారపడియున్నది. కనుగొన్నవాడు పదునాలుగుదినములలో దెలుపవలెను. ప్రదర్శనశాల గ్రహించినచో నంగడివెలను బట్టి ప్రతిఫలము ముట్టును. 2009 లో స్టఫర్డ్‌షైరున దొరకిన బంగారునిధికి 32 లక్షల 85 వేల పౌండ్లు వెలకట్టి కనుగొన్నవానికిని భూస్వామికిని బంచిరి. నివేదనమునకు గూలి యీయవలెనన్న కౌటిల్యుని సూత్ర మచట సాఫల్యము నొందినది.

మన చట్టములు

మన దేశమున నిధులకు 1878 నాటి చట్టము మూలము. భూమిలో దాగిన యే విలువగల వస్తువైనను దాని ననుసరించి నిధియే. విలువ పది రూపాయలకు మించినచో గనుగొన్నవాడు నిధిస్వరూపమును, విలువను, దొరకిన చోటును, దినమును వ్రాతమూలకముగా గలెక్టరునకు దెలుపవలెను. నూఱేండ్లలోపల దాచినట్లు నిరూపించు స్వామి లేనిచో, కనుగొన్నవానికి మూడుపాళ్లు, స్థలస్వామికి నాల్గవపాలు. ప్రభుత్వము చరిత్రార్థమై నిధిని గ్రహింపదలచినచో లోహపువెలకు దాని యైదవవంతును జేర్చి యీయవలెను. తెలుపనివానికి భాగనష్టముతోపాటు ఒక సంవత్సరమువఱకు గారాగృహము గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. రక్షితస్థలములందు అనుమతిలేని త్రవ్వకమును 1958 నాటి చట్టమును, ప్రాచీనవస్తువులను దేశము దాటించుటను 1972 నాటి చట్టమును నిషేధించుచున్నవి.

భాగవిషయమున నీ చట్టము స్మృతికారులకంటె నుదారమైనది, ఆఱవపాలు ముప్పాతికయైనది. కాని దానియం దొక లోపము కనబడుచున్నది. అది ప్రతిదానిని లోహపువెలతో గొలుచును. సీసపునాణెమునకు లోహపువెల యెంత? శాతవాహనుల నాణెములలో నధికభాగము సీసము, రాగి, పోటిను. రెండు కొయ్యస్తంభముల యోడగుఱుతు గల సీసపునాణెములు తూర్పుతీరమున దొరకుటచేతనే పులుమావి, శ్రీయజ్ఞశాతకర్ణుల కాలపు నౌకావ్యాపారమునకు మనకు రూపము కనబడినది. అట్టిదానికి ధర నిర్ణయించునపుడు లోహమును, అందులో నైదవవంతును మాత్రమే చూపినచో, నివేదించువానికి శ్రమయేగాని ఫలము లేదు. బంగారమైనచో గంసాలియు నించుమించుగా నంతయే యిచ్చును, ప్రశ్నలు మాత్ర మడుగడు. నివేదనమును గోరు ధర్మశాసనము నివేదనమును లాభసాటిగా జేయవలెనను కౌటిల్యుని నీతి యిచట గొంత మఱువబడినది. లోహపువెలకు బ్రతిగా జరిత్రపువెలను గట్టు పద్ధతి వచ్చిననేగాని నెల్లూరి కుండల కథ ముగియదు.

సముద్రతీరము మాత్ర మీ విచారమున వేఱుగా నెంచదగినది. కాకినాడసమీపమున నుప్పాడతీరము నానాటికి గోతకు లోనగుచున్నది. ఇండ్లును గుళ్లును సముద్రగర్భమున గలిసినవి. తుపానుల తరువాత నచటి బెస్తలును స్త్రీబాలురును ఇసుకను గాలించి బంగారుపలుకులను, పూసలను నేఱుకొనుట గలదు. 2020 నవంబరులో నివరు తుపాను వెనువెంటనే యిది వార్తాపత్రికలకెక్కినది. అలలు పొరలను ముందే కలచివైచినవి గావున నచట నేఱుకొనువాడు చెఱచుట కేమియు మిగులలేదు. ఆ పేదలను దొంగలతో సమముగా జూచుట తగదు. అయినను అక్షరములున్న నాణెము దొరకినపుడు దానిని గరగింపక చూపినచో, మునిగిపోయిన యూరి కాలము తెలియవచ్చును.

గుప్తనిధుల వేటగాండ్ర విషయమున నిట్టి దయకు దావు లేదు. అంజనము వేయువాని మాటలు నమ్మి, యంత్రము మ్రోగినదని శివలింగములను బెల్లగించి, నందివిగ్రహముల గడుపులు చీల్చి, ధ్వజస్తంభముల మొదళ్లు త్రవ్వుచున్నవారి వార్తలు తెలుగునాట గొత్తవి కావు. న్యాసముగా నుంచిన పిసరంత బంగారమునకై వేయేండ్ల శిల్పమును ముక్కలు చేయుచున్నారు. యంత్రము గుఱుతించినది తఱచుగా నినుపచీలయో, తలుపుబందో యగును.

కావున బాఠశాలాపండితులకు బ్రత్యేకబాధ్యత యున్నది. గ్రామమున బాతనాణెము దొరకినచో గలెక్టరు కచేరికి బోవుటకు జంకు కాపు, అయ్యవారికి జూపుటకు జంకడు. బాలురు పాటినేలలో నేఱిన పూసలును నాణెములును మొదట తరగతిలోనికే వచ్చును. అపుడు చింతపండుతోను, ఇసుకతోను దోమవలదని చెప్పవలెను. పైనున్న చిలుముక్రింద నక్షరము లుండును, తోమినచో నవియే ముందు పోవును. ఏ గ్రామమున, ఏ సర్వే నంబరు పొలమున, ఎంతలోతున, కుండలోనా, విడిగానా, ఇటుకకట్టు సమీపముననా, ఏదినమున దొరకెనో యప్పుడే వ్రాసికొనవలెను. కుండయున్నచో దాని పెంకులనుగూడ నుంచవలెను. ఇంకను ద్రవ్వవలదని వారించి, వ్రాతమూలకముగా నధికారులకు దెలుపుటకు వారికి దోడ్పడవలెను. ఆ జాబు వ్రాయలేనివాని పక్షమున దానే వ్రాయవలెను. చట్టము కనుగొన్నవాని కిచ్చు ముప్పాతికభాగమును గూర్చి తెలియజెప్పుటయు మఱువరాదు. భయముకంటె భాగమే నోరు తెఱపించును.

శాస్త్రకారులు విద్వాంసునకు నిధిని బూర్తిగా విడిచిరి. ఆ ధనాధికారము నేడు లేదు; ఉండవలెనని కోరుటయు దగదు. కాని నిధి చెప్పు మాటను విని, చదివి, లోకమునకు దెలుపు నధికారము మాత్రము విద్వాంసునకే మిగిలియున్నది. అది యధికార మనుకంటె ఋణమనుట యుక్తము. మన గ్రామములలో గరగుచున్న ప్రతి నాణెముతో నా ఋణము పెరుగుచునే యున్నది.